చిలక నిట్టూర్పు

జూలై 27

భోజనాల దగ్గర, పక్కనున్న ఉప్పు డబ్బా ఇటివ్వమన్నంత మామూలుగా అడిగాడు నాన్న: "చిలకను ఇచ్చేద్దామా?"

నానమ్మ ఒక్కతే మాట్లాడింది. "ఎవరికిరా? పంజరంతో సహానా?"

చిలక అంటే మా కారని ఆవిడకు తెలియదా! ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు, రెండే రెండు సీట్లు. నేను పుట్టకముందు నుంచీ ఇంట్లో ఉంది. నాకంటే పెద్దది, అక్క లాంటిదని చిన్నప్పుడు బళ్ళో చెప్పుకునేదాన్ని.

గ్యారేజీ బాబాయ్ దగ్గరికి కొత్త స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చిందట. బూడిద రంగు. చిలక కంటే చాలా వేగం. చిలకను తీసుకుని అది ఇస్తాడట. ఇంకొకరెవరో కూడా అడుగుతున్నారు కాబట్టి ఆగస్టు ఆఖరుకల్లా ఏ సంగతీ చెప్పమన్నాడు. అది తీసుకుంటే సెప్టెంబరులో కార్ల క్లబ్బువాళ్ళు పెట్టే కొండ పోటీకి అందులోనే వెళ్ళొచ్చు.

"నీ ఇష్టం," అన్నాడు నాన్న నావైపు చూసి. "బండిలో సగం సీట్లు నీవే కదా."

అమ్మ నిండిన గ్లాసులోనే ఇంకా నీళ్ళు పోసింది.

భాషా మాస్టారు రోజుకో కొత్త మాట పట్టుకుని డైరీలో రాసుకోమన్నారు. ఇవాళ్టి మాట: మారకం. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం. నోట్లో పెట్టుకుంటే ఇనుము ముక్క నాకినట్టుంది.

జూలై 28

బండి పాతబడింది. ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు. వస్తువులన్నాక పాతబడతాయి.

ఇందాక రాసింది మళ్ళీ చదివాను. నిజమే.

జూలై 30

కాలేజీకి సెలవు. వాన. డాబా మీద బట్టలు తీస్తూ, క్లిప్పులను రెండు చెవుల గిన్నెలో వేస్తూ, కింద షెడ్డులో ఉన్న చిలక మీద రేకుల చూరు నీళ్ళు పడుతున్న చప్పుడు విన్నాను. ఆదివారం పూట అది కదలకుండా ఉండటం అలవాటు లేదు నాకు.

చిన్నప్పుడు ఆదివారం అంటే కొండ. నాన్న నన్ను పక్క సీట్లో, రెండు దిండ్ల మీద కూర్చోబెట్టి బెల్టు బిగించేవాడు. నా కళ్ళు కిటికీ అంచుకు సరిగ్గా అందేవి. నాన్నకు ఒక ఆట ఉండేది. మలుపు కనపడగానే దాని పేరు చెప్పాలి. ముందే చెబితే ఔట్, ఆలస్యంగా చెప్పినా ఔట్.

కొండ పోటీలో మిగతావాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళు అంకెలు చదువుతారు. ఎడమ మూడు, కుడి ఒకటి, అలా. మా ఇంట్లో అంకెలు లేవు, పేర్లే. గోడ చాటు నుంచి హఠాత్తుగా దూకేది 'పిల్లి'. నోరు తెరిచినట్టు వెడల్పుగా సాగేది 'ఆవలింత'. మనిషిని ఒడిలో కూర్చోబెట్టుకున్నట్టు ఒరిగి ఉండేది 'కుర్చీ'. అయిపోయిందనుకుంటే అయిపోనిది 'ఇంకొంచెం'. చూడ్డానికి ఎంతో మెత్తగా మొదలై, చివర్లో గభాలున బిగుసుకునేది 'అత్తగారు'. నాన్నకు ఇన్ని మాటలు ఎలా తట్టాయో! కళ్ళజోళ్ళ షాపులో రోజంతా "ఇప్పుడు కనపడుతోందా? ఇప్పుడో?" తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి.

ఒక పేరు మాత్రం నాది. పైన తిన్నగా ఉండే దారి దగ్గర నాన్న జేబులోంచి బిస్కెట్టు తీసి ఇచ్చేవాడు. అందుకని దాని పేరు 'బిస్కెట్టు'. పోటీలో కూడా అలాగే అరుస్తాను. క్లబ్బువాళ్ళు నవ్వుతారు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది 'అత్తగారు'. ఆ మలుపు కోసం కాదు, చిలక కోసం. నేను "అత్తగారు!" అంటానో లేదో, నాన్న యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. అప్పుడు చిలక ఒక్క నిట్టూర్పు విడుస్తుంది. వెనకనించి, సన్నగా, "హూఁ" అని. వేసవి సెలవుల్లో నిద్రపట్టకపోతే ఆ చప్పుడు తలచుకుని పడుకునేదాన్ని.

ఇవాళ్టి మాట: నిట్టూర్పు. నిడు ఊర్పు, అంటే పొడుగాటి ఊపిరి. పాత బండికి అంతకంటే ఏం మిగులుతుంది?

ఆగస్టు 2

కాలేజీ నుంచి తిన్నగా నాన్న షాపుకి వెళ్ళాను. అద్దాలు అరగదీసే యంత్రం దగ్గర నాన్న వంగి ఉన్నాడు. గోడ మీద పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా పట్టిక. అవే నేను మొదట నేర్చుకున్న అక్షరాలు.

పళ్ళ డాక్టరు వచ్చాడు, కళ్ళజోడు మర వదులైందని. కొండ పోటీలో ఏటా మొదటి కప్పు ఆయనదే. భార్య పక్కన కూర్చుని అంకెలు చదువుతుంది.

"ఏమండీ, ఈసారైనా మీ చిలక ఎగురుతుందా, నడుచుకుంటూనే వస్తుందా?" అన్నాడు. "మీరు పైకి వచ్చేసరికి నేను కాఫీ తాగి కప్పు కూడా కడిగేస్తున్నాను."

"ఈసారి రెండో కప్పు కూడా తాగండి డాక్టరుగారూ, తొందరేముంది," అన్నాడు నాన్న, మర బిగిస్తూ.

నేను నవ్వాను. ఆయన వెళ్ళాక నాన్న నవ్వలేదు.

"పోయినేడు దిగేటప్పుడు నువ్వొక మాటన్నావు, గుర్తుందా?" అని అడిగాడు.

గుర్తుంది. ఆఖరు నుంచి రెండో స్థానం మాది. ఒక్కసారైనా కప్పు పట్టుకుని ఫోటో దిగాలని ఉంది నాన్నా అన్నాను. ఊరికే అన్నాను.

"లేదు నాన్నా, ఏమన్నాను?" అన్నాను.

ఆగస్టు 3

నాన్న కోసమైనా కొత్త బండి తీసుకోవాలి. చిలకకు ఊపిరి చాలడం లేదు. నాకేం, ఏ సీటైనా ఒకటే.

ఆగస్టు 6

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు అది రాసి, మిగతాది తర్వాత.

బాబాయ్ బూడిద బండి తాళాలిచ్చి, "కొండెక్కించి చూడండి, మాట నేను చెప్పడమెందుకు, అదే చెబుతుంది," అన్నాడు. పొద్దున్నే దారి ఖాళీగా ఉంది. సీటు కొత్త చెప్పుల వాసన వేస్తోంది. కిటికీ ఎత్తుగా ఉంది, లేదా నేను కూర్చున్నది లోతుగా ఉంది. నాన్న పక్కనే ఉన్నా, వేరే గదిలో ఉన్నట్టుంది.

చప్పుడే లేదు. వేగం పెరుగుతున్నట్టు ఒంటికి తెలియనే తెలియదు. 'పిల్లి' అన్నాను, అప్పటికే పిల్లి వెనక్కి వెళ్ళిపోయింది. 'ఆవలింత' చెప్పడానికి నోరు తెరిచాను, అదీ అయిపోయింది. నాన్న నవ్వాడు, నేనూ నవ్వాను. కుర్చీ కూడా దాటాక అత్తగారు కనపడింది. నేను "అత్త" అన్నాను. "గారు" అనే వేళకు మేము గడ్డిలో ఉన్నాం.

బండి పక్కకు తిరిగి ఆగింది. ఇంజను ఆగిపోయింది. నాన్న ఎడమ చెయ్యి నా గుండెకు అడ్డంగా ఉంది. చిన్నప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా అలాగే పెట్టేవాడు. "దెబ్బ తగిలిందా? తగిలిందా? చూడు, తగిలిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. చక్రాలకు బురద తప్ప ఏమీ లేదు.

"ఆ మలుపు నీకు తెలుసు కదా నాన్నా. నీకు కొట్టినపిండి కదా."

"తెలుసు."

"మరి?"

"నీ మాట వస్తే తప్ప నా కాలు లేవదు," అన్నాడు. "మాట కోసం చూశాను."

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి.

తప్పు నాదే. మాటలు పొడుగు.

ఆగస్టు 7

ఎడమ మూడు. కుడి ఒకటి. ఎడమ నాలుగు. కుడి రెండు.

ఆగస్టు 9

పేర్లకు బదులు అంకెలు పెట్టుకుంటే కొత్త బండికి సరిపోతాయని నాన్నతో చెప్పాను. "నువ్వు నేర్చుకుంటానంటే సరే," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు గోడ గడియారం వైపు చూస్తున్నాడు. అది ఆగిపోయి చాలా రోజులైంది.

పరీక్షకు చదివినట్టు చదివాను. కొండ మొత్తం అంకెల్లో అప్పజెప్పగలను. ఎక్కడా తడబడను.

కొత్త మాటేమీ దొరకలేదు ఇవాళ.

ఆగస్టు 11

ఇది పూర్తిగా రాయాలి, ఒక్క ముక్క కూడా పోకుండా.

అమ్మ వంటింట్లో ఉంది. స్టెనో పని ముగించుకుని కోర్టు నుంచి వచ్చి చీరైనా మార్చుకోలేదు. నేను గట్టు మీద కూర్చుని, ఇక పనికిరావు కదా అని, పాత పేర్లను చివరిసారిగా వరసగా చెప్పుకుంటున్నాను. పిల్లి, ఆవలింత, కుర్చీ, అత్తగారు...

"ఆవలింత తర్వాత ఊపిరి పీల్చుకోకు," అంది అమ్మ, కూర కలుపుతూనే. "కుర్చీ వచ్చేస్తుంది. అది దాటాక పీల్చుకో."

నేను గట్టు దిగాను.

"నీకెలా తెలుసు?"

"పేరు పెట్టినదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

అమ్మ ఆ బండిలో తిరిగిందని తెలుసు. ఏ సినిమాకో, సంతకో అనుకున్నాను. అమ్మ, నాన్నతో కొండ పోటీకి వెళ్ళేదట! ఈ పేర్లన్నీ అమ్మవట! నాన్నవనుకున్నాను ఇన్నేళ్ళూ. అసలు ఆలోచించి ఉండాల్సింది. చూడ్డానికి మెత్తగా ఉండి చివర్లో బిగుసుకునేదానికి 'అత్తగారు' అని పేరు ఏ కొడుకు పెడతాడు?

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు? మీ నాన్నా నువ్వూ దిండ్లు మోసుకుని కొండకు పోతుంటే ఎంతో ముద్దొచ్చేవాళ్ళు. మధ్యలో నేనొచ్చి, అమ్మాయ్, ఆ పేర్లు నావి అంటానా?"

"మరి ఎందుకు మానేశావు?"

అమ్మ పొయ్యి తగ్గించింది. "నువ్వు కడుపులో పడ్డావు. తర్వాత నువ్వు పుట్టావు. ఏదైనా జరిగితే నీకెవరుంటారు, ఇద్దరం ఒకే బండిలో ఎందుకని నేనే ఎక్కలేదు. మీ నాన్న ఒక్కడే పోటీకి పోనన్నాడు. నువ్వు పెద్దదానివై, క్లబ్బువాళ్ళు ఒప్పుకునే దాకా పోనేలేదు."

నానమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. నాకు ఒక్కసారిగా భయం వేసింది, ఆ మలుపు పేరు వినేసిందని.

"ఏం చూస్తున్నావే అలా?" అంది నానమ్మ. "ఆ మలుపుకు నా పేరు పెట్టిన సంగతి ఇది కాపురానికొచ్చిన ఏడాదే తెలుసు నాకు. నేను చివర్లో బిగించబట్టే ఈ ఇంట్లో అందరూ రోడ్డు మీద ఉన్నారు. లేకపోతే ఎప్పుడో లోయలో ఉండేవాళ్ళు."

అమ్మ నవ్వు ఆపుకోలేక గరిటె కింద పడేసింది.

ఆ తర్వాత డాబా మీంచి క్లిప్పుల గిన్నె తెమ్మంది. క్లిప్పులు బల్ల మీద గుమ్మరించి, కొంగుతో తుడిచింది. రెండు చెవుల గిన్నె. నేను పుట్టినప్పటి నుంచీ అందులో క్లిప్పులే చూశాను. అది మొదటి కప్పు.

"చిలకతోనేనా?"

"చిలకతో కాక ఏనుగుతోనా?"

ఆగస్టు 12

అప్పుడు చిలక కొత్తది. అందుకే గెలిచింది. అంతే అయి ఉండాలి.

ఆగస్టు 13

కానీ అమ్మ చెప్పింది, కొన్నప్పుడే అది పాతదట. తుక్కు షెడ్డులోంచి తెచ్చి ఇద్దరూ బాగుచేసుకున్నారట.

మరి ఇప్పుడెందుకు నడుస్తోంది ఎగరకుండా?

ఆగస్టు 20

నేనే పట్టుబట్టాను. ఇచ్చేసే ముందు ఒక్కసారి నువ్వు కూర్చోమ్మా అన్నాను. అమ్మ వద్దంది, చీర అంది, నడుము అంది, జనం చూస్తారంది. నాన్న పక్క సీటు తుడిచాడు. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో. అది చూసి అమ్మ ఎక్కింది.

ఆదివారాలు పొద్దున క్లబ్బువాళ్ళు సాధన కోసం దారి మూసి ఉంచుతారు. రెండే సీట్లు కాబట్టి నేను ముందే క్లబ్బు జీపులో వెళ్ళి అత్తగారి మలుపు దగ్గర, రాతి గోడ ఇవతల నిలబడ్డాను, వాళ్ళిద్దరూ కింద మొదలుపెట్టే గీత దగ్గరికి వెళ్ళారు. చిలకను బయటినుంచి వినడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ లోపలే ఉన్నాను కదా.

ముందు దోమంత చప్పుడు. పిల్లి దగ్గర గొంతు మారింది. ఆవలింత. కుర్చీ. నేను మనసులో పేర్లు చెప్పుకుంటున్నాను, చిలక నాకంటే ముందు ఉంటోంది. ఆకుపచ్చగా కనపడింది. ఇక నాన్న కాలు తీస్తాడు, ఇక నిట్టూర్పు వస్తుంది అని ఎదురుచూశాను. నా ఊపిరి బిగబట్టుకున్నాను.

చిలక నిట్టూర్చలేదు.

మలుపుకు చాలా ముందే ఒక పక్కకు ఒరిగి, గొంతు తగ్గించకుండా, రోడ్డు మీద గీత గీసినట్టు తిరిగి నా ముందు నుంచి వెళ్ళిపోయింది. కిటికీలో అమ్మ కనపడింది. జుట్టు ముడి ఊడిపోయింది. అమ్మ నోరు తెరిచి ఏదో చెబుతోంది. అది అత్తగారు కాదు, ఆ తర్వాత వచ్చే మలుపు. చిలక ఎగరడం నేను చూశాను.

పైకి నడిచి వెళ్ళేసరికి ఇద్దరూ బండికి ఆనుకుని నిలబడి ఉన్నారు. నేనెవరో పొరపాటున వచ్చిన పక్కింటి పిల్లలా అనిపించింది ఒక్క నిమిషం.

అమ్మ దుపట్టా అడిగింది, జుట్టు కట్టుకోవడానికి. ఇస్తూ అడిగాను: "కాలు తియ్యలేదు నాన్న. ఎలా?"

"నువ్వు మలుపు కనపడ్డాక చెబుతావు. నేను కనపడకముందే చెబుతాను. ముందే తెలిస్తే బండిని ముందే ఆ పక్కకు పెట్టుకుంటాడు. ఇక కాలు తియ్యాల్సిన పనేముంది?"

ముందే చెబితే ఔట్. ఆ ఆటలో నేను ఎప్పుడూ ఔట్ కాలేదు. ఎంత బుద్ధిమంతురాలిని!

అమ్మ నీళ్ళ కోసం వెళ్ళాక నాన్నను అడిగాను, "నాతో ఎందుకలా నడపవు?"

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చిన్నపిల్లవి కదా."

"ఎప్పుడు?"

చాలాసేపు తుడిచాడు. "ఎప్పుడూ," అన్నాడు.

"మరి కొత్త బండి ఎందుకు?"

"నువ్వు పక్కనుంటే నేను కాలు తియ్యకుండా ఉండలేనమ్మా. ఎంత ప్రయత్నించినా ఆ మలుపు దగ్గర లేచిపోతుంది. బండి వేగంగా ఉంటే, నేను కాలు తీసినా నీకు కప్పు వస్తుంది కదా అనుకున్నాను."

అయితే ఆ నిట్టూర్పు చిలకది కాదు.

ఆగస్టు 21

ఇవాళ కాలేజీలో ఏమీ వినలేదు. మాస్టారు ఏదో పద్యం చెప్పారు. నేను కిటికీలోంచి చూస్తూ, చిన్నప్పటి నుంచి ఎన్ని ఆదివారాలు ఆ చప్పుడు విని నవ్వానో తలచుకున్నాను. విన్న ప్రతిసారీ నాన్నకు ఎంత భయం వేసి ఉంటుందో.

ఆగస్టు 23

నా సీటు అమ్మకు ఇచ్చేస్తానన్నాను. చాలా ఉదారంగా చెప్పాను, ముందే రెండుసార్లు అద్దం ముందు అనుకుని.

"నాకొద్దు తల్లీ," అంది అమ్మ. "ఒక్క రోజుకే నడుము పట్టేసింది. కోర్టులో వాళ్ళు మాట్లాడింది రాసుకోవడమే హాయి. వెనక పడినా ఎవరూ గడ్డిలోకి పోరు."

"మరి నాన్న?"

"ఆయన కాలు సంగతి ఆయన చూసుకుంటాడు. నీ నోటి సంగతి నువ్వు చూసుకో. కూర్చో, కళ్ళు మూసుకో."

భోజనాల బల్లే బండి. అమ్మ రెండు పళ్ళేలు వాయిస్తే ఒక మలుపు. నేను తర్వాతది చెప్పాలి. కనపడనిదాన్ని చూస్తున్నట్టు చెప్పడం ఎంత కష్టమో! నానమ్మ పక్కన కూర్చుని, నేను ఆలస్యం చేసినప్పుడల్లా "లోయ" అంటోంది.

ఆగస్టు 29

బాబాయ్‌కి నేనే ఫోన్ చేశాను. చిలకను ఇవ్వం అని.

"మీ నాన్న చెప్పాడా, నువ్వు చెబుతున్నావా?"

"సగం సీట్లు నావే బాబాయ్."

"సరే తల్లీ. ఆ బూడిద బండి చక్రాల్లో ఇంకా మీ కొండ గడ్డి ఉంది. గుర్తుగా ఉంచుకుంటావా, దులిపెయ్యనా?"

ఫోన్ పెట్టేశాక షెడ్డులోకి వెళ్ళి చిలక ముక్కు మీద చెయ్యి పెట్టాను. కాసేపే.

సెప్టెంబరు 9

నాన్నతో రోజూ పొద్దున వెళ్తున్నాను. ప్రతిసారీ ముందే చెబుతున్నాను. ప్రతిసారీ నాన్న కాలు తీస్తున్నాడు. "అలవాటమ్మా," అంటున్నాడు. నిట్టూర్పు వినగానే నాకు హాయిగా ఉంటోంది, అందుకు నా మీద నాకే కోపంగానూ ఉంటోంది.

రేపే పోటీ.

సెప్టెంబరు 10

కింద గీత దగ్గర నాన్న నా బెల్టు బిగించబోయాడు. నేనే బిగించుకున్నాను. నాన్న చేతులు కాసేపు గాల్లో ఉండి, స్టీరింగ్ మీదికి వెళ్ళాయి.

జెండా ఊగింది. పిల్లి చెప్పాను, ఇంకా గోడే కనపడుతోంది. ఆవలింత చెప్పాను, పిల్లిలోనే ఉన్నాం. కుర్చీ. ఊపిరి అప్పుడు పీల్చుకున్నాను. ఎదురుగా కొండ రాయి తప్ప ఏమీ లేదు. దాని వెనక ఏముందో నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు, మా నానమ్మ పేరు అది. "అత్తగారు!" అన్నాను.

నాన్న కాలు వైపు చూడలేదు. చూడకూడదనుకున్నాను. నా గొంతులో ఎక్కడా భయం లేదని నాన్నకు వినపడాలి, అంతే.

చిలక ఒరిగింది. లోయ నా కిటికీలోంచి జారిపోయింది. నిట్టూర్పు లేదు.

"ఇంకొంచెం," అన్నాను. తర్వాత, "బిస్కెట్టు!"

మూడో స్థానం. కప్పు పళ్ళ డాక్టరుదే. ఆయన వచ్చి నాన్న భుజం తట్టి, "ఈసారి కప్పు కడగడానికి టైము దొరకలేదండీ," అన్నాడు. అమ్మ, నేనూ, నాన్నా ఫోటో దిగాం. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని నానమ్మ ఇంటినుంచి రెండు చెవుల గిన్నె తెచ్చింది. ఒక క్లిప్పు అందులోనే ఉండిపోయింది.

దిగేటప్పుడు తొందర లేదు. ఎండ పల్చబడింది. మలుపుల పేర్లు చెప్పడం లేదు నేను. అత్తగారి దగ్గరికి వచ్చాం, ఈసారి పై నుంచి. మెల్లగా పోతున్నాం, కాలు తియ్యాల్సిన పనే లేదు.

నాన్న నావైపు ఒకసారి చూసి, కాలు తీశాడు.

"హూఁ" అంది చిలక.